పాటల పందిరి: నలభై ఏళ్ళ పండగ, మూడొందల ఏళ్ళ పాట

పోయిన వారం గుంటూరు నుంచి ఓ కుర్ర పాఠకుడు నన్ను గట్టిగానే నిలదీశాడు. "అన్నగారూ! మీ శీర్షిక తెరిస్తే చాలు, పాత పాటల గొడవే. పాతవాళ్ళనే పట్టుకుని వేళ్ళాడుతుంటే కొత్తవాళ్ళు పైకొచ్చేదెప్పుడు? ఇది సినిమా పత్రికా, మ్యూజియమా?" అని.

ప్రశ్న బావుంది. అందులోని కోపం ఇంకా బావుంది. దాచుకోవడమెందుకు, కాలేజీ రోజుల్లో నేనూ ఇదే మాట ఓ పెద్దాయన్ని అడిగి చీవాట్లు తిన్నాను. ఆయన తిట్టారే గాని జవాబు చెప్పలేదు. నేను తిట్టను, జవాబే చెప్తాను. కాకపోతే దానికోసం మిమ్మల్ని కాస్త దూరం తీసుకెళ్ళాలి. ఎక్కడికంటారా? పారిస్‌కి!

★ సమ్మెలో పుట్టినరోజు

2019 డిసెంబరు. పారిస్‌లో పెద్ద సమ్మె. పింఛన్ల మార్పులకి వ్యతిరేకంగా ఆ నెల 5న మొదలైన ఆ సమ్మెతో మెట్రో రైళ్ళు చాలామటుకు ఆగిపోయాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే, ఊరికి ఈశాన్యపు అంచున వున్న ఫిలార్మనీ అనే పెద్ద హాల్లో ఓ పుట్టినరోజు పండగ జరిగింది. 2015లో తెరిచిన హాలది. రెండు వేల నాలుగొందల మంది కూర్చోవచ్చు. ఆ నెలలో టిక్కెట్టు సంపాదించడం కంటే హాలు చేరడమే గొప్ప!

పుట్టినరోజు ఎవరిదయ్యా అంటే మనిషిది కాదు, ఒక మేళానిది. పేరు 'లేజార్ ఫ్లోరిసాన్'. నోరు తిరక్కపోతే కంగారు పడకండి, నాకూ వారం పట్టింది. ఫ్రెంచిలో 'వికసించే కళలు' అని అర్థం. 1979లో పుట్టింది, అంటే అప్పటికి నలభై ఏళ్ళు. మేళం స్థాపించిన విలియం క్రిస్టీ గారికి ఆ నెల 19నే డెబ్భై అయిదు నిండాయి. జంట పండగన్నమాట.

మీరు వెళ్ళారా అని అడక్కండి. ఫ్రీలాన్సు రాతగాడి జేబు సంగతి మీకు తెలియంది కాదు. ఆ కచేరీని చిత్రీకరించారు, నేను చూసింది ఆ రికార్డింగు. దానికి పెట్టిన పేరు 'బరోక్ యాత్ర'. హాండెల్, పర్సెల్, షార్పాంతియే, ల్యూలీ, రామో... వీళ్ళ పాటలూ, వాద్య సంగీతమూ. అందరూ మూడొందల ఏళ్ళ నాటివాళ్ళే.

బరోక్ అంటే ఏమిటి? యూరప్‌లో సుమారు 1600 నుంచి 1750 దాకా నడిచిన సంగీతానికి తర్వాతివాళ్ళు పెట్టిన పేరది. వంకర తిరిగిన ముత్యాన్ని పోర్చుగీసువాళ్ళు అలా పిలిచేవారట. అంటే మొదట అది పొగడ్త కాదు, వెక్కిరింపు. 'మరీ ఇంత నగిషీ ఏమిటి బాబూ' అని ఎద్దేవా చెయ్యడం. ఆ వెక్కిరింపే బిరుదైపోయింది. మనవాళ్ళలో కూడా ముద్దుపేరుతో వెక్కిరించబడి, ఆ పేరుతోనే టైటిల్స్‌లో వెలిగిన నటులు లేరూ?

★ అమెరికా కుర్రాడు, ఫ్రెంచి పాట

ఈ కథలో మొదటి తమాషా ఏమంటే, ఫ్రెంచివాళ్ళు మరిచిపోయిన ఫ్రెంచి పాటని వాళ్ళకి మళ్ళీ వినిపించినవాడు ఫ్రెంచివాడు కాదు. క్రిస్టీ 1944లో అమెరికాలోని బఫెలో అనే ఊళ్ళో పుట్టాడు. హార్వర్డులో చదివాడు. యేల్‌లో రాల్ఫ్ కిర్క్‌పాట్రిక్ అనే మహానుభావుడి దగ్గర హార్ప్సికార్డు నేర్చుకున్నాడు. వియత్నాం యుద్ధం నచ్చక అమెరికా వదిలేసిన కుర్రాళ్ళలో తనూ ఒకడై 1970ల మొదట్లో యూరప్ చేరాడు. ఫ్రాన్సులో స్థిరపడ్డాడు. 1995లో ఫ్రెంచి పౌరుడయ్యాడు.

హార్ప్సికార్డు అంటే చూడ్డానికి పియానోకి అక్కలా వుంటుంది గాని తీరు వేరు. పియానోలో మెట్టు నొక్కితే చిన్న సుత్తి తీగని కొడుతుంది. దీన్లో మెట్టు నొక్కితే ఓ సన్నని ముక్క తీగని మీటుతుంది, మన వీణ మీటినట్టే. పూర్వం ఆ ముక్కని పక్షి ఈకతో చేసేవారు. గట్టిగా నొక్కినా మెల్లిగా నొక్కినా చప్పుడు ఒక్కలాగే వస్తుంది. మరి భావం ఎలా పలికించాలి? ఎక్కడ ఆగాలో, ఎక్కడ తొందరపడాలో, ఏ స్వరం చుట్టూ ఏ అలంకారం తిప్పాలో తెలిసినవాడి చేతిలోనే అది పలుకుతుంది.

మేళంలో వయొలిన్లున్నాయి గాని వాటికి ఇనప తీగలు కావు, పేగుతో చేసిన పాత తరహా తీగలు. థియోర్బో అని ఇంకోటుంది. వీణకి జిరాఫీ మెడ అతికించినట్టుంటుంది. శ్రుతి కూడా వేరు. ఇప్పటి ఆర్కెస్ట్రాలు 440కి శ్రుతి చేస్తే, వీళ్ళు 415కో, ఫ్రెంచి పాటలైతే 392కో దించుకుంటారు. దాంతో గొంతు గించుకోవాల్సిన పని వుండదు. మాట స్పష్టంగా వినబడుతుంది.

★ చిన్న కూడిక గుర్తు

ఇప్పుడు అసలు చిక్కుకి వద్దాం. "పాత పాటలకి నొటేషన్లు వున్నాయిగా, చూసి వాయించడానికి నలభై ఏళ్ళెందుకు?" అంటారేమో.

ఆ కాలపు ఫ్రెంచి నొటేషన్‌లో స్వరాల పక్కన అక్కడక్కడా చిన్న కూడిక గుర్తు కనిపిస్తుంది. లెక్కల పుస్తకంలో వుంటుందే, అదే. అర్థం 'ఇక్కడ స్వరాన్ని వణికించు' అని. ఎంతసేపు? ఎంత వేగంగా? పైనుంచి దిగాలా, కిందనుంచి ఎక్కాలా? అవేవీ అందులో రాసి వుండవు. ఆ రోజుల్లో గాయకుడికి అవి చెప్పక్కర్లేదు. గురువు నోటి నుంచి విన్నాడు కాబట్టి తెలుసు. అలాగే, కాగితం మీద సమానంగా కనిపించే రెండు స్వరాల్ని పాడేటప్పుడు ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా పాడేవారు. హార్ప్సికార్డు మనిషికైతే ఎడమచేతి వరస ఒక్కటే ఇచ్చి, పైన కొన్ని అంకెలు వేసేవారు. మిగతాదంతా అతను అప్పటికప్పుడు అల్లుకోవాలి. మన కచేరీల్లో పక్కవాద్యం మనోధర్మం లాంటిదే.

అంటే పాటలో సగమే కాగితం మీద వుంది. మిగతా సగం మనుషుల గొంతుల్లో, వేళ్ళలో వుండేది. ఫ్యాషన్ మారింది, రాజ్యాలు మారాయి, ఆ మనుషులు పోయారు. వాళ్ళతోపాటే ఆ సగమూ పోయింది. కాగితాలు మటుకు లైబ్రరీలో భద్రం!

షార్పాంతియే సంగతే చూడండి. ఆయన 1704లో పోయాడు. ఆయన చేతిరాతల్ని మేనల్లుడు 1727లో రాజుగారి లైబ్రరీకి అమ్మేశాడు. ఇరవై ఎనిమిది సంపుటాలు! ఇవాళ అవి ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయంలో వున్నాయి. తరాల తరబడి వాటిని పాడినవాళ్ళు లేరు. అందులో ఓ చిన్న ఒపేరా పేరే 'లేజార్ ఫ్లోరిసాన్', 1685 నాటిది. క్రిస్టీ తన మేళానికి ఆ పేరే పెట్టుకున్నాడు.

క్రిస్టీ చేసిన పనేమంటే, ఆ పోయిన సగాన్ని వెతకడం. నాటి సంగీత గురువులు రాసిన పాఠ్యగ్రంథాలు, నాట్య పుస్తకాలు, ఉచ్చారణ పుస్తకాలు తిరగేయడం. పాత వాద్యాలు వాయించి, 'ఈ తీగ మీద ఈ పని ఇలాగే సాధ్యం' అని వేళ్ళతో తెలుసుకోవడం. ఒక్కడే చేశాడని కాదు. వియన్నాలో నికోలాస్ హార్నన్‌కోర్ట్, ఆమ్‌స్టర్‌డామ్‌లో గుస్తావ్ లియొన్‌హార్ట్ అంతకుముందే దారి వేశారు. కాని ఫ్రెంచి పాటని, అందులోని మాట సొగసుతో సహా, జనం ముందుకి తెచ్చిన ఘనతలో పెద్ద వాటా ఇతనిదే.

★ రాజుగారి ఒపేరా, ఇండస్ట్రీ రాజకీయాలు

సినిమా పాఠకులు కదా, ఇక్కడో మసాలా కథ చెప్పకపోతే నన్ను క్షమించరు.

పధ్నాలుగో లూయీ రాజు కుర్రతనంలో గొప్ప డాన్సరు. 1653లో, పధ్నాలుగేళ్ళ వయసులో, సూర్యుడి వేషం కట్టి రాత్రంతా సాగిన నాట్యంలో ఆడాడు. ఆయన ఆస్థానంలో సంగీతాన్ని శాసించినవాడు ల్యూలీ. ఇటలీలో ఓ పిండిమిల్లు యజమాని కొడుకు. 1672లో ఫ్రాన్సులో ఒపేరా ఆడించే హక్కు తనొక్కడికే రాయించుకున్నాడు. ఆ మరుసటేడు మిగతా నాటకాల కంపెనీలకి ఇద్దరు గాయకులు, ఆరుగురు వాద్యగాళ్ళు మించకూడదని ఆంక్ష పెట్టించాడు. అంతవరకూ తనతో కలిసి పనిచేసిన మొలియేర్‌తో కూడా చెడింది. మొలియేర్ వెళ్ళి షార్పాంతియేని పట్టుకున్నాడు. హీరో ఒక సంగీత దర్శకుణ్ణి వదిలి ఇంకొకర్ని పెట్టుకున్నట్టే! ల్యూలీ బతికుండగా షార్పాంతియేకి రాజధాని ఒపేరా గుమ్మం తెరుచుకోలేదు. చివరికి 1693లో 'మెదే' ఆడించాడు. ఎన్నాళ్ళో ఆడలేదు.

ఇక ల్యూలీ చావు. 1687లో రాజుగారి ఆరోగ్యం కుదుటపడిందని కృతజ్ఞతగా ఓ భక్తిగీతం నడిపిస్తూ, తాళం వేసే పెద్ద కర్రని తన కాలి మీదే పొడుచుకున్నాడు. పుండు పడింది. కాలు తీసేస్తామంటే ఒప్పుకోలేదు. పోయాడు. ఈ కథంతా 2000లో 'ల్ రువా దాన్స్' అనే సినిమాగా వచ్చింది. 'రాజు నాట్యమాడుతున్నాడు' అని అర్థం. దర్శకుడు జెరార్ కోర్బియో. దొరికితే చూడండి.

ఆ ల్యూలీ రాసిన 'అతీస్' అనే ఒపేరా 1676లో మొదటిసారి ఆడింది. రాజుకి ఎంత ఇష్టమంటే దానికి 'రాజుగారి ఒపేరా' అనే పేరే వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దం తర్వాత రంగం మీదికి రాలేదు. ల్యూలీ పోయి సరిగ్గా మూడొందల ఏళ్ళు నిండిన 1987లో, పారిస్ ఒపేరా కోమిక్ థియేటరులో క్రిస్టీ మేళం, దర్శకుడు జా మరీ విలెజియే కలిసి దాన్ని మళ్ళీ లేపి నిలబెట్టారు. ముత్యాల్లేవు, నెమలి ఈకల్లేవు, దేవతలు దిగే యంత్రాల్లేవు. నలుపు, బూడిదరంగు దుస్తుల్లో రాజాస్థానం, ఒకటే సెట్టు. మూడు గంటలు దాటిన ఆట. ఎవరు చూస్తారనుకున్నారు? హాళ్ళు కిటకిటలాడాయి. మేళం పేరు మోగిపోయింది. 1989లో న్యూయార్కులోని బ్రూక్లిన్‌కీ వెళ్ళింది.

అక్కడ చూసినవాళ్ళలో రొనాల్డ్ స్టాంటన్ అనే అమెరికన్ వ్యాపారి ఒకాయన. ఇరవై ఏళ్ళు గడిచినా ఆ ఆట ఆయన్ని వదల్లేదు. మళ్ళీ చూడాలని పట్టుబట్టి, ఖర్చు తను భరించాడు. 2011లో సెట్లు, దుస్తులు మళ్ళీ తయారై 'అతీస్' మళ్ళీ రంగమెక్కింది. మనం నచ్చిన సినిమాకి రెండోసారి టిక్కెట్టు కొంటాం. ఆయన ఏకంగా ఆటనే కొన్నాడు!

విధి తమాషా చూడండి. మేళానికి పెట్టుకున్న పేరేమో షార్పాంతియేది. పేరు తెచ్చిపెట్టినదేమో అతని గుమ్మం మూసిన ల్యూలీది. నలభయ్యో పుట్టినరోజు కచేరీలో ఇద్దరూ ఒకే వేదిక మీద, పక్కపక్కనే. మూడొందల ఏళ్ళయ్యాక రాజీ కుదిరింది.

★ పేరులో ఇండీస్, కథలో లేదు

రామో అనే ఆయన 'లెజేంద్ గలాంత్' అని 1735లో ఓ ఒపేరా రాశాడు. 'శృంగార ఇండీస్' అని చెప్పుకోవచ్చు. మన దేశం కథేమోనని ఆశగా చూశాను. ఒక అంకం టర్కీ, ఒకటి పెరూ, ఒకటి పర్షియా, మర్నాడు సంవత్సరం చేర్చింది ఉత్తర అమెరికా. ఇండియా ఒక్క రీలులోనూ లేదు! దూరదేశాలన్నిటినీ ఇండీస్ అనేయడం వాళ్ళ అలవాటు.

ఆ అమెరికా అంకంలో ఓ నాట్యం వుంది. 1725లో ఫ్రెంచి వలస లూసియానా నుంచి వచ్చిన ఆదివాసులు పారిస్‌లో నాట్యం చేస్తే రామో చూశాడు. ఆ లయని హార్ప్సికార్డు ముక్కగా కట్టాడు. తర్వాత దాన్నే ఈ ఒపేరాలో పాటగా పెట్టాడు. మన సంగీత దర్శకులు పాత ట్యూనుని కొత్త సినిమాలో వాడుకోవడం తప్పంటారే, రామో కూడా చేశాడు మరి! పారిస్ ఒపేరాలో క్రిస్టీ మేళం ఆడిన ఈ నాటకాన్ని 2003లో చిత్రీకరించారు. ఆ పాట చూస్తే ముందుబెంచీవాళ్ళు కూడా కాలు కదుపుతారు. అంత హుషారు.

★ రెండు గొంతుల హీరో

ఇప్పుడు మన గుంటూరు తమ్ముడి ప్రశ్నకి దగ్గరకొచ్చాం. కొత్తవాళ్ళ సంగతేమిటి?

క్రిస్టీ 1982లో పారిస్ కన్సర్వేటరీలో గురువయ్యాడు. 1995 దాకా అక్కడ చెప్పాడు. ఆయన మేళంలో వాయించి, పాడి, సొంత దుకాణాలు పెట్టుకున్నవాళ్ళ జాబితా చెప్తాను. బస్సూన్ వాయించిన మార్క్ మింకోవ్‌స్కీ 1982లో ఒక మేళం పెట్టాడు. గాయకుడు ఎర్వే నికే 1987లో ఇంకోటి. హార్ప్సికార్డు మనిషి క్రిస్తోఫ్ రూసే 1991లో 'లే తలాన్ లిరిక్'. హార్ప్సికార్డు విద్వాంసురాలు ఎమ్మాన్యుయెల్ ఆయీమ్ 2000లో మరోటి. అన్నీ పేరున్న మేళాలే. ఇవాళ వాళ్ళంతా ఆయనకి పోటీ కూడా!

వీళ్ళలో రూసే గురించి మీకు చెప్పే తీరాలి. 1994లో కోర్బియో 'ఫారినెల్లీ' అనే సినిమా తీశాడు. పద్దెనిమిదో శతాబ్దపు ఇటలీ గాయకుడి కథ. గొంతు మారకముందే మగపిల్లలకి శస్త్రచికిత్స చేసి, ఆడగొంతు ఎత్తూ మగవాడి ఊపిరీ కలిసిన గాయకుల్ని తయారుచేసేవారు ఆ రోజుల్లో. క్రూరమైన పని. ఫారినెల్లీ వాళ్ళలో అగ్రగణ్యుడు. ఇప్పుడు అలాంటి గొంతు లోకంలో లేదు. మరి ప్లేబాక్ ఎవరు పాడాలి? డెరెక్ లీ రాగిన్ అనే మగ గాయకుడూ, ఎవా మాలాస్ గొడ్లెవ్‌స్కా అనే గాయనీ పాడారు. రూసే మేళం వాయించింది. పారిస్‌లోని ఇర్కామ్ అనే ధ్వని పరిశోధన సంస్థలో ఆ రెండు గొంతుల్నీ అతికి ఒకే గొంతుగా మార్చారు. తెర మీద ఒక హీరో, తెర వెనక ఇద్దరు గాయకులు, ఒక కంప్యూటరు! ఉత్తమ విదేశీ చిత్రంగా ఆ సినిమాకి గోల్డెన్ గ్లోబ్ వచ్చింది. ప్లేబాక్ గొప్పతనం మనకంటే బాగా ఎవరికి తెలుసు? తప్పక చూడండి.

2002లో క్రిస్టీ ఇంకో పని మొదలెట్టాడు. 'గొంతుల తోట' అనే అర్థం వచ్చే పేరుతో యువ గాయకులకి ఓ శిక్షణ. కొద్దిమందినే ఎంచుకుంటారు. మాట ఎలా పలకాలి, ఆ చిన్న కూడిక గుర్తు దగ్గర ఏం చెయ్యాలి, రంగం మీద ఎలా నిలబడాలి, అన్నీ నేర్పి, మేళంతోపాటే దేశాలు తిప్పి కచేరీలు చేయిస్తారు.

ఆ నలభయ్యేళ్ళ పండగ వేదిక మీద నన్ను కట్టిపడేసింది అదే. సాండ్రీన్ పియో పాడింది. ఆమె ఒకప్పుడు హార్ప్ నేర్చుకోడానికి పారిస్ కన్సర్వేటరీకి వెళ్ళిన అమ్మాయి. క్రిస్టీ దగ్గర పాటవైపు మళ్ళింది. ఇవాళ పెద్ద పేరు. మార్క్ మోయియోన్ పాడాడు. గొంతుల తోట మొదటి బ్యాచి కుర్రాడు. లేయా దేసాండ్ర్ పాడింది. 2015 బ్యాచి అమ్మాయి. మేళానికి నలభై అయితే ఆమెకి ముప్ఫై కూడా లేవు. మూడు తరాల శిష్యులు ఒకే వేదిక మీద! సారథ్యం కూడా ఒక్కడిది కాదు. పాల్ ఆగ్న్యూ అని గ్లాస్గోలో పుట్టిన గాయకుడు, క్రిస్టీతో పాడి పాడి పేరు తెచ్చుకున్నవాడు, ఆయనతో సారథ్యం పంచుకున్నాడు. మేళానికి సహ సంగీత దర్శకుడాయన.

పెద్దాయన పక్కకి తప్పుకుని, తను పెంచినవాడు చెయ్యెత్తి మేళాన్ని నడిపిస్తుంటే వినడం... అది చూశాక నాకర్థమైంది. ఇది పుట్టినరోజు కాదు, అప్పగింతలు.

మరి అప్పగించకపోతే ఏమవుతుంది? అదీ ఒకసారి జరిగింది కదా. గురువు నుంచి శిష్యుడికి దారం తెగినందుకే ఇరవై ఎనిమిది సంపుటాలు లైబ్రరీలో నోరు లేకుండా పడున్నాయి. క్రిస్టీ గారికి 2024 డిసెంబరులో ఎనభై నిండాయి. తను లేకపోయినా పాట ఆగకూడదని ఆయన ముందే ఏర్పాటు చేసుకున్నాడు. అందరూ అంత ముందుచూపు వున్నవాళ్ళు కారు.

★ మన రాగిరేకులు

ఇదంతా పరాయి కథ అనుకుంటున్నారా? అన్నమయ్యని తలుచుకోండి. ఆయన 1503లో పరమపదించాడు. ముప్ఫై రెండు వేల సంకీర్తనలు అంటారు. తిరుమల గుడిలో రాగిరేకుల మీద దొరికినవి సుమారు పన్నెండు వేలు. ఒక్కో పాట మీద రాగం పేరుంది. వరస మటుకు లేదు! ఫ్రెంచివాళ్ళకి స్వరాలు మిగిలి పాడే తీరు పోయింది. మనకి సాహిత్యం మిగిలి బాణీయే పోయింది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారి లాంటి పెద్దలు కూర్చుని ఒక్కో పాటకీ బాణీ కట్టుకుంటూ వచ్చారు. ఆ దారిలో ఎందరో నడిచారు. తర్వాత 1997లో రాఘవేంద్రరావు గారి 'అన్నమయ్య' వచ్చింది. కీరవాణి గారికి జాతీయ అవార్డు తెచ్చింది. ఊరూరా ఆ పాటలే. థియేటరులో ఈలలేసిన కుర్రాళ్ళు వింటున్నది అయిదొందల ఏళ్ళ నాటి మాట!

కాబట్టి తమ్ముడూ, నీ ప్రశ్నకి జవాబు ఇదీ. పాత పాట వల్ల కొత్తవాళ్ళు ఆగిపోరు. పారిస్‌లో మింకోవ్‌స్కీ, రూసే, ఆయీమ్, దేసాండ్ర్ పైకొచ్చింది మూడొందల ఏళ్ళ పాట పట్టుకునే. పాత పాటని అద్దాల పెట్టెలో పెట్టి దణ్ణం పెడితే అది మ్యూజియం. కుర్రాడి గొంతులో పెడితే అది కచేరీ. నువ్వు మ్యూజియమా అని అడిగావు చూడు, అక్కడే వుంది కిటుకంతా. అయితే నీ కోపంలో ఒక న్యాయం వుంది. పెద్దవాళ్ళు పాత పాటని తమ దగ్గరే అట్టేపెట్టుకుని, 'మీకేం తెలుసు' అని కుర్రాళ్ళని కసురుతూ కూర్చుంటే మటుకు నేనూ నీ పక్షమే.

చివరిగా ఓ సొంత గోడు. మా అమ్మమ్మ మంగళహారతుల నోటుపుస్తకం ఒకటి మా ఇంట్లో వుంది. గుండ్రటి అక్షరాలు. పాట పైన రాగం పేరుండదు, 'ఫలానా పాట వరస' అని మాత్రం రాసి వుంటుంది. ఆ ఫలానా పాట ఏమిటో ఇప్పుడు ఎవరికీ రాదు. మా అమ్మకి మూడు పాటల వరస తెలుసు. మిగతావి అమ్మమ్మతోనే వెళ్ళిపోయాయి. ఆవిడ బతికుండగా నా దగ్గర టేప్ రికార్డరుంది. దాన్లో సినిమా పాటలే వింటూ గడిపాను గాని, "అమ్మమ్మా, ఇది ఎలా పాడాలి?" అని ఒక్కరోజు అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేదు. నా కోసం ఏ క్రిస్టీ వస్తాడు?

మీలో చాలామంది ఇళ్ళల్లో ఆ మనిషి ఇంకా వుంది. మీ జేబులో ఫోనూ వుంది. ఈ ఆదివారం మార్నింగ్ షోకి వెళ్ళేముందు ఓ పావుగంట ఆవిడ పక్కన కూర్చోండి. ఒక్క పాట రికార్డు చెయ్యండి. రికార్డు చేసి వదిలెయ్యకండి సుమా, నేర్చుకోండి. తప్పుగా పాడితే ఆవిడే దిద్దుతుంది. ఆ దిద్దడమే అసలు పాట.

ఎవరెవరు నేర్చుకున్నారో, ఏ పాటో నాకు రాయండి. గుంటూరు తమ్ముడూ, నీ ఉత్తరం కోసం ప్రత్యేకంగా ఎదురు చూస్తుంటాను. వచ్చే వారం మళ్ళీ ఇదే పందిట్లో కలుద్దాం.